కమాను లేపిన జీపుకు టీకా తాత్పర్యం

మూలం: కమాను లేపినంక షాఫ్టు పట్టేస్తది. డాంబరు మీద ఫోరు కొట్టకు, ముందటి షాఫ్టు ఇప్పి చూడు.

అవతారిక: ఉట్నూరు, జన్నారం వైపు వాన వెలిసిన మర్నాడు నల్లరేగడిలో జీపు ఇరుసు దాకా దిగబడుతుంది. దాంతో యజమాని కమానుకు రెండు పట్టీలు అదనంగా ఎక్కిస్తాడు, పొడుగు షాకిళ్లు (కమాను చివర వేలాడే కొలుకులు) వేయిస్తాడు. మరీ సాహసి అయితే ఇరుసు కిందున్న కమానును ఇరుసు మీదికి మార్పిస్తాడు. బండి ఎత్తు పెరుగుతుంది. పది రోజులకు మలుపులో బండి బిగుసుకుంటుంది, ఫోరు మీట వెనక్కి రాదు, అడుగున టకటక మొదలవుతుంది. ఆ సందర్భంలో మేస్త్రీ పలికే వాక్యమిది.

ప్రతిపదార్థం: కమాను = ఉక్కుపట్టీల కట్ట; లేపినంక = ఎత్తు పెంచిన తరువాత; షాఫ్టు = గేరుబాక్సు బలాన్ని ఇరుసుకు చేర్చే గొట్టం; పట్టేస్తది = బిగుసుకొనును; డాంబరు మీద = తారురోడ్డుపై; ఫోరు = నాలుగు చక్రాలకూ బలమిచ్చే మీటను; కొట్టకు = వేయకుము (హింసార్థకం కాదు); ముందటి షాఫ్టు = ముందు ఇరుసుకు పోయే దానిని; ఇప్పి చూడు = ఊడదీసి పరీక్షింపుము. ‘విప్పి’ అని సవరించిన పాఠం షెడ్డులో చెల్లదు.

అన్వయం: ఉపదేశం ఒకటే అయినా రోగాలు రెండు. మొదటి వాక్యం ఒకదాన్ని చెబుతుంది, ‘డాంబరు’ మాట మరొకదాన్ని. వీటిని కలిపేసుకున్నవారే అనవసరంగా గేరుబాక్సు దింపిస్తారు.

డాంబరు రోగం అసలు రోగమే కాదు. పాత మహీంద్రా జీపుల్లో ముందు, వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ఫోరు వేస్తే రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో మాత్రం ముందు ఇరుసు ఎక్కువ దూరం పోవాలి. సీజే-3బీ జీపు ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలు, అంటే సుమారు 2 మీటర్లు. వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే ముందుది దాదాపు 5.4 మీటర్లతో తిరుగుతుంది. తేడా నూటికి ఎనిమిది. బురదలో టైరు జారి ఆ తేడాను మింగేస్తుంది. మహబూబ్ ఘాట్ మలుపుల్లో తారు జారనివ్వదు, మెలి అంతా షాఫ్టుల్లోనే నిలిచి మీటను పట్టేస్తుంది. మట్టి మీద నాలుగు మీటర్లు తిన్నగా రివర్సు వస్తే మీట చేతికొస్తుంది. అలా వస్తే కమానును నిందించనక్కరలేదు.

పాఠభేదం: ‘షాఫ్టు ఇప్పి చూడు’కు బదులు ‘టైరు కొలిచి చూడు’ అని మరో పాఠం. ఇదీ గ్రాహ్యమే. ముందు పాతవి, వెనక కొత్తవి వేసి, చుట్టుకొలతలో నూటికి రెండు తేడా వచ్చినా కిలోమీటరుకు 20 మీటర్ల తగవు. ఫోరులో తిన్నని రోడ్డు మీద కూడా బిగుసుకునే బండికి ముందుగా చూడాల్సింది ఇదే: గాలి సమానంగా కొట్టి, టైరు మీద సుద్దగీత గీసి, ఒక చుట్టు తిప్పి నేల మీద కొలవడం.

విశేషం: ఇక కమాను వల్ల వచ్చే అసలు రోగం. షాఫ్టు రెండు చివరలా క్రాసులు (యూనివర్సల్ జాయింట్లు) ఉంటాయి. వంగిన క్రాసు సమవేగంతో తిప్పదు, ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. వంపు 10 డిగ్రీలైతే ఈ ఊపు అటూ ఇటూ ఒకటిన్నర శాతం, 20 డిగ్రీలైతే ఆరు శాతం. రెండు చివరలా వంపు సమానంగా ఉండి, చెవులు (క్రాసును పట్టుకునే యోకులు) ఒకే వరుసలో కూర్చుంటే ఒకదాని తప్పును మరొకటి దిద్దుతుంది. పొడుగు షాకిలు ఇరుసును తిప్పి పినియను (ఇరుసులో షాఫ్టు తగిలే పళ్లచక్రం) మూతి దిశ మార్చడంతో ఆ సర్దుబాటు చెడుతుంది. పైగా ఇరుసు కిందికి దిగేకొద్దీ షాఫ్టు పొడవు చాలక జారుడు జాయింటు బయటికి లాగబడుతుంది.

పరీక్షకు ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు వేలాడేలా చేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి షాఫ్టును చేత్తో తిప్పాలి. చుట్టుకు రెండుచోట్ల బరువుగా తగిలితే క్రాసు. వేలాడినప్పుడు సాఫీగా ఉండి, గుంతలో కమాను అణిగినప్పుడు మాత్రమే ఢీకొంటే జారుడు జాయింటు అడుగంటుతున్నట్టు. ఆ జాయింటు మీద గ్రీజు గీత ఎంతవరకు చెరిగిందో చూస్తే తెలుస్తుంది. డాంబరు రోగం, టైరు తేడా కాదని తేలాక ముందటి షాఫ్టు ఊడదీసి వెనక చక్రాలతోనే నడిపితే బిగువు పోయిందా, దోషం ముందు వైపున ఉంది. పోకపోతే వెనక షాఫ్టుతోపాటు హ్యాండ్‌బ్రేకు తీగనూ చూడాలి. హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాల మీద పనిచేసే బండిలో ఎత్తు పెరిగాక ఆ తీగ బిగుసుకొని షూలను డ్రమ్ముకు అంటిస్తుంది. డ్రమ్ము కాలుతుంటే షాఫ్టు నిర్దోషి. మేస్త్రీల్లో చాలామంది ఇక్కడే మోసపోతారు.

చికిత్స: కమానుకు, ఇరుసు మీది గద్దెకు మధ్య ఉక్కు చీలిక పెట్టి పినియను మూతిని సరిచేయడం, షాఫ్టును పొడుగు చేయించి బ్యాలెన్సు పట్టించడం, వంపు మరీ ఎక్కువైతే జంట క్రాసు షాఫ్టు వేయించడం. ముందు ఇరుసుకు చీలిక పెడితే క్యాస్టరు (స్టీరింగు పిన్ను వాలు) కూడా మారుతుందని మరవకూడదు. పినియను బాగుపడి స్టీరింగు చెడిన జీపులు తక్కువేం కాదు. 2010 నాటి మహీంద్రా థార్ సీఆర్‌డీఈ‌లో ముందు కమాను లేదు, టార్షన్ బార్లున్నాయి. అక్కడ బారు మెలి పెంచి లేపితే వంపు చక్రాల హాఫ్‌షాఫ్టుల మీద పడుతుంది, చీలికలు పనికిరావు.

వంపును ఖాళీ బండి మీద కొలవరాదు. కేస్లాపూర్ జాతరకు జనాన్ని ఎక్కించుకునే జీపైతే, అంత బరువూ వేసి, యూబోల్టులు బిగించి, కొత్త పట్టీలు కొంతకాలం నడిచి కుదురుకున్నాక మళ్లీ కొలవాలి.