చివరి అనువాదకుడు

మా గడ్డిఅన్నారంలో ఎవరు పుట్టినా, ఎవరికి పెళ్ళి కుదిరినా, ఎవరు పోయినా ఆ కబురు బంధువులకన్నా ముందు నాకు తెలుస్తుంది. నాకేం దివ్యదృష్టి లేదు, డీటీపీ సెంటరుంది. బారసాల కార్డు, పెళ్ళి శుభలేఖ, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, మధ్యలో బీటెక్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టుకు స్పైరల్ బైండింగు. మనిషి బతుకులోని మజిలీలన్నీ నా ప్రింటరు మీదుగానే సాగుతాయి. రిటైరయ్యే హెడ్మాస్టర్లకు నేను కొట్టిన వీడ్కోలు పత్రాలకు లెక్కే లేదు. "తమరి సేవలు చిరస్మరణీయం" అన్న ముక్క కంప్యూటర్లో సిద్ధంగా ఉంటుంది. పేరు మార్చి, ఫొటో మార్చి ఇచ్చెయ్యడమే. అలాంటివాణ్ణి, నా వీడ్కోలు నేనే రాసుకోవలసి వచ్చేసరికి రెండు రోజులు కూర్చున్నా మ్యాటర్ తోచలేదు.

వీడ్కోలు ఎవరికంటే, పన్నెండేళ్ళు నేను ఊడిగం చేసిన ఓ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ బృందానికి. దాన్ని తెలుగులోకి తేవడం మా పని. జీతం లేదు, బత్తెం లేదు, కనీసం టీ కూడా లేదు.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో మొదట్లో మా ఆవిడకు పులిహోరతో చెప్పాను. "పులిహోర ఊరికే పెట్టడమే కాదు, చేసే పద్ధతి కూడా రాసిస్తారన్నమాట. నువ్వు ఇంగువ పెంచుకోవచ్చు, పల్లీలు తీసెయ్యొచ్చు. అలా మార్చింది మళ్ళీ నలుగురికీ పెట్టొచ్చు." ఆవిడ శ్రద్ధగా విని, "అన్నీ బానే ఉన్నాయండీ, చింతపండు ఎవరు కొంటారు?" అంది. ప్రపంచంలోని ఓపెన్ సోర్స్ మహామహులంతా ఇప్పటికీ తల పట్టుకుంటున్న ప్రశ్న అదే.

ఈ రొంపిలోకి నన్ను దింపింది అను ఫాంట్లు. డీటీపీ వాళ్ళకు అను అన్నం పెట్టిన తల్లి, కాదనను. కానీ అందులో కొట్టిన శుభలేఖను ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే వధువు పేరు బ్రాకెట్లుగా, వరుడి పేరు డాలర్లుగా కనిపిస్తుంది. కట్నం సంగతి బయటపడిందేమోనని పెళ్ళివారు హడలిపోతారు. ఆ రోజుల్లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు వాళ్ళ స్టాలు దగ్గర ఆగాను. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించడమని అక్కడ తెలిసింది. వీవెన్ గారి లేఖినిలో టకటకా కొడుతుంటే అక్షరాలు పుట్టుకొచ్చాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఖతులు ఊరికే ఇస్తారన్నారు. రాజులను లెక్కచెయ్యని ఆ ఇద్దరి పేర్లూ పెట్టాక ఇంక ధర ఎలా పెడతారు? 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు మొదలుపెట్టిన తెలుగు వికీపీడియా ఓ పక్క, ఆపరేటింగ్ సిస్టమునే తెలుగులోకి దించుతామని కూర్చున్న స్వేచ్ఛ కుర్రాళ్ళు ఇంకో పక్క. ఊరంతా సేవ చేస్తుంటే నేనొక్కణ్ణీ శుభలేఖలు కొట్టుకుంటూ కూర్చోవడం నామోషీ అనిపించింది. 2012లో, స్పైరల్ బైండింగుకు వచ్చిన హాస్టల్ కుర్రాడొకడు "అంకుల్, మీకు తెలుగు వచ్చు, నాకు కోడింగ్ వచ్చు" అన్నాడు. అంతే, చేరిపోయాను.

చేరాక తెలిసింది, కంప్యూటర్ లోపల జరిగేవన్నీ దారుణాలేనని. యూనిక్స్ లోకంలో ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని పుట్టిస్తే మొదటిది పేరెంటు, రెండోది చైల్డు. చైల్డును కిల్ చెయ్యొచ్చు. పేరెంటు ముందే పోతే చైల్డు ఆర్ఫన్ అవుతుంది, ఇనిట్ అనే పెద్దాయన దాన్ని దత్తత తీసుకుంటాడు. చైల్డు పోయినా పేరెంటు వచ్చి ఆఖరి చూపు చూడకపోతే దాని పేరు జాబితాలోంచి పోదు, దాన్ని జాంబీ అంటారు. కర్మకాండ జరగని ప్రేతమన్నమాట. ఓ రాత్రి నేను ఫోనులో కుర్రాడితో, "పిల్లను చంపమనడం బాగాలేదు, ముగించు అందాం. ప్రేతం సంగతి పొద్దున చూద్దాం" అంటున్నాను. మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

"క్విట్" అన్న మాటకు మూడు వారాలు కొట్టుకున్నాం. తెలుగువాడు గడప దాటుతూ పోతాననడు, "వెళ్ళొస్తా" అంటాడు కనుక బొత్తాం మీద అదే పెడదామన్నాను. "అంకుల్, ఆ ప్రోగ్రాము మళ్ళీ రాకూడదనే కదా మూసేది" అన్నాడో కుర్రాడు. చివరికి "నిష్క్రమించు" దగ్గర రాజీపడ్డాం. సురభి నాటకంలో రాజుగారు తెర వెనక్కి వెళ్ళినట్టుంటుందని నా ఏడుపు.

ఇక అన్నిటికన్నా పెద్ద శత్రువు కంటికి కనపడని అక్షరం. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. వెడల్పు సున్నా, బరువు సున్నా, ఉంటే గౌరవం సున్నా, లేకపోతే పరువు సున్నా. "సాఫ్ట్" పక్కన "వేర్" రాసేటప్పుడు మధ్యలో దీన్ని పెట్టకపోతే ట కిందికి వ ఒత్తు దూరి "సాఫ్ట్వేర్" అయి కూర్చుంటుంది. దీని మహిమ లోకానికి తెలిసింది 2018 ఫిబ్రవరిలో. "జ్ఞా" అన్న అక్షరం మధ్యలో ఈ కనపడనిది ఇరుక్కుని ఒక సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన యాప్ కుప్పకూలేది. ఆపిల్ వాళ్ళు హడావిడిగా మరమ్మతు విడుదల చేశారు. లక్ష రూపాయల ఫోను జ్ఞానం తట్టుకోలేక పడిపోయిందని మా సెంటరులో ఓ వారం పండగ చేసుకున్నాం.

ఊరికే వాడుకునేవాళ్ళకు ఫిర్యాదులు జాస్తి. "అమరికలు ఏమిటండీ, సెట్టింగ్స్ అనొచ్చుగా" అని ఒకరు, "సెట్టింగ్స్ ఏమిటండీ, తెలుగు చచ్చిపోయిందా" అని ఇంకొకరు, ఒకే రోజున. ఇద్దరికీ నా జవాబు ఒకటే: "ప్యాచ్ పంపండి." అంటే, తప్పు కనిపెట్టిన మహానుభావులు దిద్దుబాటు కూడా మీరే చేసి పంపండి అని. ఓపెన్ సోర్సులో ఇంతకన్నా మర్యాదైన తిట్టు లేదు. పన్నెండేళ్ళలో ఎన్ని వందలసార్లు అన్నానో. ప్యాచ్ పంపినవాళ్ళు ముగ్గురు. అందులో ఒకటి ఆంజనేయస్వామి ఫొటో.

మేం మొదట తొమ్మిది మందిమి. ఒకడికి ఉద్యోగం, ఒకడికి డాలస్, ఒకడికి పెళ్ళి, ఒకడికి కవలలు. ఎవరూ వెళ్తున్నామని చెప్పలేదు. ఓపెన్ సోర్సులో ఎవరూ వెళ్ళరు, రావడం మానేస్తారు. డెబియన్ అనే ఓపెన్ సోర్స్ బృందం వాళ్ళు 1993 నుంచి నడుస్తున్న పాతకాపులు కనుక ఇలా మాయమైనవాళ్ళను ఆరా తీయడానికి ఏకంగా ఒక జట్టునే పెట్టుకున్నారు. దాని పేరు ఎంఐఏ. యుద్ధంలో గల్లంతైన సిపాయిలకు వాడే మాట అది. దిక్కులేకుండా మిగిలిన ప్యాకేజీని "అనాథ" అని ప్రకటిస్తారు, ఎవరైనా ముందుకొస్తే "దత్తత తీసుకోదలచాను" అని రాసిస్తారు. మా తొమ్మిది మందిలో ఎనిమిది మంది గల్లంతు. నేను మిగిలాను, ఇనిట్ పెద్దాయనలా.

ఈ స్థితికి వాళ్ళ భాషలో ఓ కొలత ఉంది. బస్ ఫ్యాక్టర్. బృందంలో ఎంతమందిని బస్సు గుద్దితే ప్రాజెక్టు ఆగిపోతుందో ఆ అంకె. మాది ఒకటి. చక్కగా నున్నటి రోడ్లున్న దేశంలో కూర్చుని ఎవరో సరదాకి పెట్టిన మాట. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు రోజుకు రెండుసార్లు రోడ్డు దాటేవాడికి అది సరదా కాదు, జాతకం. మా ఆవిడకు చెబితే, "మిమ్మల్ని బస్సు గుద్దితే ప్రాజెక్టు ఏమవుతుందా అని దిగులుపడుతున్నారా?" అంది. అందులో రెండో సగం ఆవిడ అనలేదు గానీ పప్పులో ఉప్పు రూపంలో తెలిసింది. 2018లో ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను. మెట్రో ఫ్యాక్టర్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

కళ్ళజోడు నంబరు పెరిగింది, షాపు అద్దె పెరిగింది, ఇంక మానేద్దామనుకున్నాను. పెద్దవాళ్ళు ఎలా మానేశారో వాకబు చేశాను. పైథాన్ భాష పుట్టించిన గీడో వాన్ రోసమ్‌ను జీవితకాలపు దయగల నియంత అనేవారు. ఆయన 2018 జూలైలో వారసుణ్ణి కూడా ప్రకటించకుండా ఆ గద్దె దిగిపోయాడు. తగవు దేని మీద? ఒక కోలన్, దాని పక్కన ఒక ఈక్వల్ గుర్తు. కనపడే రెండు గుర్తులకే అంత మనిషి విసిగిపోయాడంటే, కనపడని గుర్తు కోసం పన్నెండేళ్ళు ఆగినందుకు నా వీపు నేనే తట్టుకున్నాను.

అలిగి వెళ్ళే పద్ధతి ఇంకోటి. 2016 మార్చిలో అజెర్ కోచులు అనే ఆయన, పేరు తగాదాలో ఒళ్ళుమండి తన కోడంతా పీకేసుకుని పోయాడు. అందులో లెఫ్ట్‌ప్యాడ్ అని పదకొండు లైన్ల ముక్క ఉంది. మాట ముందు ఖాళీలు చేర్చడం దాని పని. దాని మీద కూర్చున్న పెద్ద పెద్ద ప్రోగ్రాములు ప్రపంచమంతటా నిలిచిపోయాయి. పెళ్ళి పందిట్లోంచి అలిగి వెళ్తున్న మేనమామ తను తెచ్చిన గుంజ పీక్కుపోతే పందిరి కూలినట్టు. నాకూ ఓ క్షణం ఆశ పుట్టింది. కానీ నా గుంజ పీకితే బొత్తాలన్నీ ఇంగ్లీషులోకి మారతాయి, జనం హమ్మయ్య అనుకుంటారు. ఆ అవమానం భరించలేను.

పోనీ ఎవరో ఒకరికి అప్పగిద్దామంటే, ఎక్స్‌జడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము సంగతి భయపెట్టింది. దాన్ని ఒంటరిగా మోస్తూ అలసిపోయిన పెద్దమనిషికి సాయం చేస్తానని జియా టాన్ అన్న పేరుతో ఒకరు చేరి, రెండేళ్ళకు పైగా అణకువగా పనిచేసి, తాళాలు చేతికొచ్చాక దొంగ దారి తవ్విపెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని లాగితే డొంకంతా కదిలింది. అర సెకను! చైతన్యపురి సిగ్నల్ దగ్గర అరగంట ఆగినా మనం అద్దం దించి మిర్చిబజ్జీ కొంటాం. నా దగ్గర శిష్యరికం చేస్తున్న సూర్యాపేట కుర్రాణ్ణి ఓ వారం అనుమానంగా చూశాను. హాస్టల్ ఫీజు మూడు నెలలు బాకీ. విదేశీ గూఢచారి అయితే ఆ మాత్రం కట్టేవాడే. నమ్మాను.

లేఖ రాశాను. చిరస్మరణీయం దగ్గర మొదలై నిష్క్రమణ దగ్గర ముగిసింది. బృందానికి పంపాను. నేను పంపిన దిద్దుబాట్లు పదకొండు నెలలుగా చూసే దిక్కు లేక పడున్నాయి. లేఖకు మాత్రం ఎనిమిది నిమిషాల్లో కదలిక వచ్చింది. ఏడేళ్ళుగా గల్లంతైన డాలస్ కుర్రాడు మొదట ప్రత్యక్షమయ్యాడు: "అంకుల్, రెండో పేరాలో సాఫ్ట్వేర్ అని పడింది." ఇంకొకడు, "బతికున్నవాళ్ళకు చిరస్మరణీయం వాడొచ్చా?" వీడ్కోలా, వీడుకోలా అన్నదాని మీద తెల్లవార్లూ చర్చ. కవలల తండ్రి వచ్చి, లేఖ ఏ లైసెన్సు కింద విడుదల చేస్తున్నావని అడిగాడు. తొమ్మిది మందీ ఒకచోట కనపడటం 2014 తర్వాత అదే మొదలు. వెళ్తున్నానని ఏడాదికోసారి రాసుంటే ఈ పాటికి పని పూర్తయ్యేది.

సూర్యాపేట కుర్రాడు మాత్రం స్వయంగా షాపుకొచ్చాడు. "ఏంది అంకుల్, నిజంగనే పోతున్నవా?"

"పోవడం ఏమిట్రా, వెళ్ళొస్తా అనాలి."

"మరి బటన్ మీద నిష్క్రమించు అని పెడితిరి గద!"

ఇద్దరం నడుచుకుంటూ కొత్తపేట వైపు టీకి వెళ్ళాం. దారిలో పాత పండ్ల మార్కెట్ స్థలం. మామిడి సీజన్లో ఎండుగడ్డి, మాగిన కాయలు కలిసిన వాసన మా వీధిదాకా వచ్చేది. 2021లో మార్కెట్‌ను బాటసింగారం తరలించాలన్నారు, తగవులు నడిచాయి, చివరికి వెళ్ళింది. ఆ 22 ఎకరాలు ఆస్పత్రికి ఇచ్చారు. అయినా ఆటో ఎక్కి "ఫ్రూట్ మార్కెట్" అంటే ఇప్పటికీ అక్కడే దింపుతారు. కాయ లేదు, పేరుంది. "మన ఫైల్స్ గూడ అంతే అంకుల్" అన్నాడు వాడు. టీ డబ్బులు మాత్రం నన్నే ఇవ్వనిచ్చాడు.

అనువాదపు ఫైలు తలభాగంలో ఓ వరుస ఉంటుంది, లాస్ట్ ట్రాన్స్‌లేటర్ అని. ఇటీవల చెయ్యి వేసినవాడి పేరు అక్కడ పడుతుంది. పన్నెండేళ్ళుగా అక్కడ నా పేరే చూసి చూసి, దాన్ని నేను చివరి అనువాదకుడు అనే చదువుకునేవాణ్ణి, జాతిలో ఆఖరివాడినన్నట్టు. మర్నాటికి అక్కడ కుర్రాడి పేరుంది. నాది పైన పాతవాళ్ళ జాబితాలోకి ఎక్కింది. పేరు, పక్కన 2012–2024. ఇలాంటి మ్యాటర్ నేను ఎన్ని ఫ్లెక్సీలకు కొట్టలేదు! మా ఆవిడ భుజం మీదుగా తొంగిచూసి, "ఫొటో ఏదండీ, దండ వెయ్యాలిగా" అంది.

ఓ వారం బుద్ధిగా శుభలేఖలు కొట్టుకున్నాను. ఎనిమిదో రోజు, ఊరికే, మామూలు వాడుకరిలా కొత్త విడుదల తెరిచాను. మొదటి తెరలోనే, రెండో వరుసలో, "సాఫ్ట్వేర్". మనసు ఆగలేదు. కుర్రాడికి మర్యాదగా నాలుగు వాక్యాలు రాశాను, కనపడని అక్షరం చరిత్రతో సహా.

నిమిషంలో జవాబొచ్చింది: "ప్యాచ్ పంపండి అంకుల్."

ప్రూఫ్ చూశాను. ఒక్క తప్పూ లేదు.