‘సిలబస్‌లో లేదు’: టీకా తాత్పర్యం

మూలం: “ఈ పద్ధతి సిలబస్‌లో లేదు. 0.”
(లెక్కల జవాబు పత్రం అంచున ఎర్ర సిరాతో వెలసే సూత్రం. కర్త అజ్ఞాతుడు.)

ప్రతిపదార్థం: ఈ పద్ధతి = సైన్ ఎక్స్ బై ఎక్స్‌కు, ఎక్స్ సున్నాకు చేరేటప్పుడు, అవధి కనుక్కోమంటే విద్యార్థి ప్రయోగించిన ఎల్ హాస్పిటల్ రూల్ (ఆసుపత్రి అనుకునేరు; 1696లో కలన గణితంపై పుస్తకం అచ్చు వేయించిన ఫ్రెంచి ప్రభువు పేరది; రూల్ మాత్రం ఆయన డబ్బిచ్చి పాఠం చెప్పించుకున్న యోహాన్ బెర్నూలీది); సిలబస్‌లో = ఈ ఏటికి గీసిన గిరిలో; లేదు = కానరాదు; 0 = అనుస్వారం కాదు, అనుగ్రహం లేకపోవడం.

తాత్పర్యం: గిరి దాటినవాడికి మార్కులు లేవని భావం.

వ్యాఖ్య: ‘లేదు’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. తార్కికులు అభావాన్ని నాలుగు తెరగులుగా చెప్పారు. వచ్చే ఏటి పాఠాన్ని ఇప్పుడే వాడితే అది ప్రాగభావం. నిన్నటిదాకా ఉండి తీసేసిందైతే ప్రధ్వంసాభావం. రెండోదానికి ఉదాహరణ దగ్గరలోనే ఉంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి గణితాన్ని తేలిక చేస్తూ, వర్గ సమీకరణాలను వర్గం పూర్తిచేసి సాధించే పద్ధతిని తొలగించింది. సూత్రాన్ని మాత్రం ఉంచింది. ఆ సూత్రం పుట్టిందే ఆ పద్ధతిలోంచి. తల్లి గిరి బయట, బిడ్డ లోపల! సూత్రాన్ని బట్టీపట్టి అంకెలు వేసినవాడిది లోపలి పద్ధతి, అది పుట్టిన దారినే నడిచి వచ్చినవాడిది బయటి పద్ధతి అయితే, దోషాన్ని గిరిలో వెతకాలి గానీ నడకలో కాదు.

మరి నడకలో దోషమే ఉండదా? ఉంటుంది. మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి, మూలం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని వ్యాఖ్యాతగా ప్రతిజ్ఞ పట్టాడు. జవాబు పత్రానికీ ఆ కొలతే సరి. పై లెక్కలో రూల్ వాడాలంటే సైన్ అవకలజం కొసైన్ అని ముందే తెలియాలి. దాన్ని ప్రాథమిక సూత్రం నుంచి రాబట్టబోతే మధ్యలో అడ్డుపడేది మళ్లీ ఈ అవధే. అన్నకు తమ్ముడు జామీను, తమ్ముడికి అన్న జామీను. శాస్త్రంలో దీని పేరు అన్యోన్యాశ్రయం. కాబట్టి ఇక్కడ మార్కు తెగడం సబబే, చెప్పిన కారణమే తప్పు. అదే రూల్‌ను ఒకటి మైనస్ కొసైన్ ఎక్స్ బై ఎక్స్ స్క్వేర్‌కు ఒక్కసారి వాడి, రుజువైన సైన్ అవధితో ముగిస్తే అర వస్తుంది. ఏ దోషమూ లేదు. ఎక్స్ సున్నాకే చేరేటప్పుడు ఎక్స్ ప్లస్ ఒకటి బై ఎక్స్ ప్లస్ రెండుకు గుడ్డిగా వాడితే ఒకటి వస్తుంది. అసలు జవాబు అర. సున్నా బై సున్నా రూపం ఉందో లేదో చూడకపోవడమే అక్కడి తప్పు. మూడుచోట్లా రూల్ ఒకటే, సిలబస్ ఒకటే. న్యాయం మాత్రం మూడు రకాలు.

పూర్వపక్షం: కోచింగ్‌కు వెళ్లినవాడు రెండు లైన్లలో తేల్చేస్తాడు, సర్కారు బడి పిల్ల పది మెట్లు ఎక్కాలి, ఇది సమానమా? పైగా కట్టలకొద్దీ పేపర్లు దిద్దేవారికి కీ దాటి చూసే తీరికెక్కడిది?

సమాధానం: మొదటిది గట్టి ఆక్షేపణే. అయితే షరతు సరిచూసి రాయమంటే ఆ రెండు లైన్లు అయిదవుతాయి. మిగిలే తేడా కొన్ని నిమిషాలు. దాన్ని పూడ్చాల్సింది బడిలో పాఠం పెంచి, తెలిసినవాడి మార్కు కోసి కాదు. రెండోదానికి సీబీఎస్ఈ మూల్యాంకన సూచనలే జవాబిస్తాయి: కీ మార్గదర్శకం మాత్రమే, విద్యార్థి తన తీరులో సరిగ్గా రాస్తే మార్కులివ్వాలి. ‘ప్రాథమిక సూత్రం నుంచి అవకలజం కనుక్కోండి’ అని ప్రశ్నే దారి పేరు చెబితే మాత్రం ఆ దారే జవాబు. అడ్డదారి ఎంత చక్కనిదైనా అది వేరే ప్రశ్నకు సమాధానం.

పాఠాంతరం: కనుక మూలంలో ‘సిలబస్‌లో లేదు’ అన్నచోట ‘ఆధారం చూపలేదు’ అని దిద్ది చదువుకోవాలి. సైన్ అవధి దగ్గర దొరికిపోయిన విద్యార్థికి అప్పుడూ మార్కు రాదు. కానీ సైన్ అవకలజం ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కునే పని దొరుకుతుంది.