నాలో ఇద్దరున్నారు

తాడేపల్లిలో, కృష్ణా కెనాల్ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక డీటీపీ సెంటర్ నా ఇల్లు. విజయవాడలో విడిభాగాలు కొని, ప్రకాశం బ్యారేజీ మీదుగా ఇవతలికి తెచ్చి, ఇక్కడే బల్ల మీద పెట్టి నన్ను బిగించారు. కాబట్టి నా పుట్టిన ఊరు తాడేపల్లే. ఒక మదర్‌బోర్డు, ఒక ప్రాసెసరు, నాలుగు జీబీ ర్యామ్, రెండు హార్డ్ డిస్కులు. నా కథంతా ఆ రెండు డిస్కులదే.

మొదటిది ఐదొందల జీబీ డిస్కు. అందులో విండోస్ 7, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, మిర్చి కమీషన్ కొట్లవాళ్ల బిల్లు పుస్తకాలు, కోల్డ్ స్టోరేజీ రసీదులు అందులోంచే బయటికి వెళ్తాయి. ఇంటి అద్దె, కరెంటు బిల్లు, నా మరమ్మతు ఖర్చు ఆ డిస్కే సంపాదిస్తుంది.

రెండోది ఒక టీబీ డిస్కు. అందులో లినక్స్ ఉంది. అది పైసా సంపాదించదు. మా యజమాని ప్రాణం మాత్రం దాంట్లోనే ఉంది. ఆయన్ని ఊళ్లో అందరూ మాస్టారంటారు, ఒకప్పుడు ట్యూషన్లు చెప్పారు కాబట్టి. ఉండవల్లి, పెనుమాక, గుండిమెడ, చిర్రావూరు తిరిగి, అరుగుల మీద ముసలివాళ్ల పక్కన కూర్చుని వాళ్లు చెప్పింది రికార్డు చేసుకొస్తారు. పత్తి తీతల కూలి ఎలా కొలిచేవారు, కల్లంలో మిరపకాయలు ఎండబోసి తాలు కాయలు ఎలా ఏరేవారు, గుంటూరు యార్డుకి బస్తాలు బళ్ల మీద ఎలా తోలేవారు, ఇవన్నీ. కృష్ణ మీది 1855 నాటి పాత ఆనకట్టకు 1952లో గండి పడినప్పుడు తాము కళ్లారా చూసింది చెప్పిన తాతల్లో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ల గొంతులు నాలో ఉన్నాయి. పగలు శుభలేఖలు చేసే ఆ చేతులే రాత్రి వీటిని విని అక్షరాల్లో పెడతాయి.

ఒకే డిస్కులో రెండు పనులూ చేసుకోవచ్చు కదా అని చాలామంది ఆయన్ని అడిగారు. అడ్డం వచ్చింది అక్షరమే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. తయారుచేసినవాళ్లు ఆ తర్వాత ఇన్‌డిజైన్ దారి పట్టారు. తెలుగు అచ్చుపని మాత్రం చాలా ఏళ్లు పేజ్‌మేకర్, అను జోడీ మీదే నడిచింది, మా సెంటర్లో ఇప్పటికీ నడుస్తోంది. అను ఫాంట్లలో తెర మీద కనబడేది తెలుగే, నేను లోపల దాచేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యలు. తలకట్టుకొకటి, కొమ్ముకొకటి, ఒత్తుకొకటి. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తుల గుంపు తేలుతుంది. యూనికోడ్‌లో అలా ఉండదు. 1991లో వచ్చిన తొలి వెర్షన్ నుంచే తెలుగుకి 3072 నుంచి 3199 దాకా సొంత స్థానాలున్నాయి. ‘క’ అంటే 3093, అమెరికాలోనైనా అమరావతిలోనైనా. తాతల మాటలు ఫాంటు మారితే చెరిగిపోకూడదని మాస్టారు యూనికోడ్ ఎంచుకున్నారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు తెలుగు మెనూలతో లినక్స్ తయారుచేశారని విని ఆ వైపు చూశారు, అది నచ్చింది. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటి ఫాంట్లు డబ్బు కట్టకుండా వాడుకునే లైసెన్సుతో దొరకడం ఇంకా నచ్చింది. అలా నాకు రెండో డిస్కు వచ్చింది.

పొద్దున మాస్టారు నా బటన్ నొక్కాక ఏం జరుగుతుందో చెబుతాను. మదర్‌బోర్డు మీద బయాస్ అనే చిన్న ప్రోగ్రాము ముందు లేస్తుంది. ర్యామ్ ఉందా, కీబోర్డు ఉందా, డిస్కులు పలుకుతున్నాయా అని చూసుకుంటుంది. తర్వాత తనకు చెప్పిన వరసలో మొదటి డిస్కు దగ్గరికి వెళ్లి, దాని మొట్టమొదటి సెక్టార్ చదువుతుంది. 512 బైట్లు, అంతే. అందులో 446 బైట్లు ప్రోగ్రాముకి, 64 బైట్లు డిస్కు ఎన్ని భాగాలుగా ఉందో చెప్పే పట్టికకి, చివరి రెండు ముద్రకి. 1983లో ఐబీఎం పీసీలకు హార్డ్ డిస్కు వచ్చిన నాటి ఏర్పాటిది. తెలుగు యూనికోడ్ అక్షర సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి, ఆ సెక్టార్ మొత్తంలో 170 సంకేతాలు పడతాయి, ఒక శుభలేఖ వాక్యానికి చాలవు. అంత చిన్న చోటు నుంచే నేను మొత్తంగా మేల్కొనాలి.

చోటు చాలదు కాబట్టి అక్కడ ఉండేది దారి చూపే ముక్క మాత్రమే. నాలో ఆ పని చేసేది గ్రబ్. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టాడు, తర్వాత గ్నూ ప్రాజెక్టులో చేరింది. విండోస్ కావాలా, లినక్స్ కావాలా అని అడిగే నల్లని మెనూ దానిదే. నాలో దాన్ని ఎక్కించినవాళ్లు తొలి ముక్కని మొదటి డిస్కు మొదట్లో పెట్టారు. మెనూ, మిగతా సరంజామా రెండో డిస్కులో లినక్స్ పక్కన పెట్టారు. దారి చూపే బోర్డు ఒక ఊళ్లో, అది చూపించే ఇల్లు ఏటికి అవతల ఊళ్లో ఉన్నట్టు. రెండు డిస్కులూ బాగున్నన్నాళ్లు ఇందులో ప్రమాదముందని ఎవరికీ తట్టలేదు.

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకి వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, పడవలు కొట్టుకొచ్చి గేట్లను గుద్దాయి. కాలవ పక్క ఇళ్లవాళ్లు సామాను మేడల మీదకి మోసుకుంటున్నారని విని, మాస్టారు నా వైర్లన్నీ పీకి, దుప్పటి చుట్టి, భుజాన వేసుకుని మెట్లెక్కారు. సెంటర్లోకి నీళ్లు రాలేదు. కరెంటు వచ్చాక నన్ను కిందికి దించి, బల్ల మీద పెట్టి, బటన్ నొక్కారు.

నేను లేవలేదు. ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగా ఉంది, లోపల్నుంచి కూత మాత్రం పదేపదే వచ్చింది. ర్యామ్ స్లాటులో కదిలింది. హార్డ్‌వేర్ షాపు కుర్రాడు వచ్చి, ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో బంగారు పళ్లు తుడిచి పెట్టాడు. అది అసలు రోగం కాదు, త్వరగానే తీరింది. అప్పుడు తెర వెలిగి, బయాస్ సెట్టింగులు దాచుకునే సీమాస్ లెక్క తప్పిందని, ఫ్యాక్టరీ సెట్టింగులు వేసుకున్నానని, ఎఫ్1 నొక్కమని చూపించింది. నొక్కారు. ఒకే ఒక్క వరస వచ్చింది: అలాంటి పరికరం లేదు. దాని కింద గ్రబ్ రెస్క్యూ అని, పక్కన మిణుకుమనే గీత.

“ఆపరేటింగ్ సిస్టమ్ పోయింది మాస్టారూ,” అన్నాడు కుర్రాడు. “ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్తే సాయంత్రానికి ఇచ్చేస్తా.”

“రెండో డిస్కులో నా రికార్డింగులున్నాయి కదా బాబూ?”

“అది కనబడట్లేదండీ. వరదలో దెబ్బతిన్నట్టుంది.”

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. రోజుకి ఇన్ని కంప్యూటర్లు చూడాలి, ఫార్మాట్ ఒక్కటే అన్నిటికీ పనికొచ్చే మందుగా వాడికి నేర్పారు. కానీ అక్కడ ఏం జరగబోయేదో నాకు తెలుసు. విండోస్‌ని మళ్లీ ఎక్కిస్తే అది మొదటి సెక్టార్‌లో తన ప్రోగ్రాము రాసేస్తుంది, గ్రబ్ దారి చెరిగిపోతుంది. తర్వాత ఎప్పుడో రెండో డిస్కు కనబడినా, లినక్స్ భాగాన్ని విండోస్ చదవలేదు, పేరులేని విభాగంగా చూపిస్తుంది. చూసినవాళ్లు ఖాళీ చోటు అనుకుంటారు. ఖాళీ అనుకున్నదాన్ని ఎవరైనా వాడుకుంటారు. తాతల గొంతులు అలా పోయేవి, ఏ డిస్కూ చెడకుండానే. మా బోటి యంత్రాల్లో సమాచారం నిజంగా నశించి లేవకపోవడం తక్కువ, దారి తప్పి లేవకపోవడమే ఎక్కువ. దారి తప్పినప్పుడు ఏది కనబడలేదో తెర మీద మేం చెబుతూనే ఉంటాం. ఆ ఒక్క వరస ఎవరైనా ఆగి చదివితే చాలు.

మాస్టారు “రేపు చూద్దాంలే బాబూ” అని కుర్రాణ్ని పంపి, వడ్డేశ్వరంలో ఇంజనీరింగు చదివే మేనకోడలికి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి సాయంత్రం వచ్చింది.

“ముందు తెర మీద ఏముందో చదువుదాం మావయ్యా. ఇప్పుడే ఏం కొట్టొద్దు.”

“పరికరం లేదంటోంది కదే.”

“ఏ పరికరం లేదో చూద్దాం.”

ఎల్ఎస్ అని రెండక్షరాలు కొట్టింది. గ్రబ్‌కి కనబడిన డిస్కుల జాబితా చెప్పాను. సున్నా డిస్కు, దానిలో రెండు భాగాలు. ఒకటో డిస్కు ఊసే లేదు. ఇది తెలిశాక ఆ అమ్మాయి ఇంకే ఆజ్ఞా కొట్టలేదు. కనబడని డిస్కు దగ్గరికి ఏ ఆజ్ఞా వెళ్లదు. నన్ను ఆపి బయాస్‌లోకి వెళ్లింది. అక్కడా ఒకటే డిస్కు. గ్రబ్ లేవకముందే బయాస్‌కే రెండోది కనబడటం లేదంటే, తప్పు ప్రోగ్రాముల్లో లేదు, వైర్లలో ఉంది. ఈ విడదీయడం నాకు ఎంతో హాయినిచ్చింది. ఏ అంతస్తులో పని ఆగిందో తెలిస్తే దాని పై అంతస్తుల మీద అనుమానం అక్కర్లేదు.

ప్లగ్గు పీకి, పక్క రేకు విప్పింది. రెండో డిస్కుకి డేటా కేబుల్ బాగానే ఉంది. కరెంటు అందించే వెడల్పాటి పిన్ను మాత్రం ఒక మూల ఊడి వేలాడుతోంది. గట్టిగా నొక్కింది. ప్లగ్గు పెట్టి బటన్ నొక్కగానే రెండో డిస్కు తిరగడం మొదలైంది. దాని గుర్తింపు సంఖ్య దొరకగానే గ్రబ్ తన మెనూ తెరిచింది. లినక్స్ లేచింది. మాస్టారు కుర్చీలో కూర్చుండిపోయి కాసేపు మాట్లాడలేదు.

ఆ అమ్మాయి పండగ చేసుకోలేదు. బ్యాగులోంచి బయటి డిస్కు తీసి, ముందు రికార్డింగులన్నీ దాంట్లోకి నకలు తీసింది. అది పూర్తయ్యాకే డిస్కు ఆరోగ్యం చూసింది. చెడి పక్కన పెట్టేసిన సెక్టార్లు లేవు, చదవడానికి మొరాయించేవీ లేవు. ఈ వరస తిరగేసినవాళ్లు ఎందరో పరీక్షల మధ్యలోనే డిస్కుని పోగొట్టుకున్నారు. ముందు నకలు, తర్వాతే వైద్యం.

అప్పుడు విండోస్ వంతు. మెనూలో దాన్ని ఎంచుకుంటే నీలం తెర మెరుపులా వచ్చి, నేను మళ్లీ మొదటికి వచ్చాను. ఇంకోసారి, మళ్లీ అదే. ఆ తెరని ఫోన్‌లో వీడియో తీసి ఆపి చూస్తే కోడ్ చివర 7బి ఉంది. బూట్ డిస్కుని చేరలేకపోయానని విండోస్ చెప్పే మాట అది. డిస్కు కళ్లెదుట ఉంది, గ్రబ్ దాని నుంచే లేచింది, మరి విండోస్‌కి ఎందుకు అందలేదు?

కారణం గుండ్రటి బ్యాటరీలో ఉంది. నా మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే మూడు వోల్టుల బిళ్ల ఉంటుంది. ప్లగ్గు పీకినప్పుడు గడియారాన్నీ బయాస్ సెట్టింగులనూ అదే కాపాడుతుంది. అది ఎప్పుడో చచ్చిపోయింది. ప్లగ్గు ఎప్పుడూ గోడకే ఉండటంతో ఎవరికీ తెలియలేదు. వరదకి ప్లగ్గు పీకగానే సెట్టింగులన్నీ పోయి, డిస్కులతో మాట్లాడే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి పాత ఐడీఈకి మారింది. లినక్స్ రెండు పద్ధతుల డ్రైవర్లూ వెంట తెచ్చుకుంటుంది, దానికి ఇబ్బంది కలగలేదు. విండోస్ 7 మాత్రం తనను ఎక్కించిన రోజు ఏ పద్ధతి ఉందో దాని డ్రైవరునే పొద్దున్నే లేపుతుంది, మిగతావాటిని పడుకోబెడుతుంది. బయాస్‌లో తిరిగి ఏహెచ్‌సీఐ పెట్టగానే విండోస్ పేచీ లేకుండా లేచింది. శుభలేఖలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక పిన్ను ఊడి, ఒక చిన్న బిళ్ల చచ్చిపోతే ఐదొందల జీబీ డిస్కుకి ఫార్మాట్ కొట్టబోయారని తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

బ్యాటరీ మార్చాక మిగిలింది గడియారం. లినక్స్ వాడి విండోస్‌కి వస్తే సమయం ఐదున్నర గంటలు వెనక్కి వెళ్లేది. మాస్టారు దాన్ని ఏళ్ల తరబడి చేత్తో దిద్దుకుంటూ వచ్చారు. లినక్స్ నా గడియారంలో గ్రీనిచ్ కాలం పెట్టి తెర మీద మన కాలం చూపిస్తుంది. విండోస్ అదే గడియారాన్ని మన కాలమే అనుకుంటుంది. లినక్స్‌కి కూడా స్థానిక కాలమే పెట్టమని ఒక ఆజ్ఞ ఇచ్చింది మేనకోడలు. ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చారు.

అక్కడితో వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు.

“ఒక డిస్కు పోతే రెండోది కూడా లేవకుండా కట్టారు మావయ్యా దీన్ని. అది మార్చాలి.”

“ఇప్పుడు బాగానే ఉంది కదమ్మా?”

“మళ్లీ పిన్ను ఊడితే?”

నాకు జరిగిన మేళ్లలో పెద్దది ఇదే. రెండో డిస్కు వైరు తీసేసి, విండోస్ డీవీడీతో నన్ను లేపి, మొదటి డిస్కు తొలి సెక్టార్‌లో విండోస్ సొంత ప్రోగ్రాముని తిరిగి రాయించింది. తర్వాత రెండో డిస్కుని కలిపి, పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ తెరిచి, గ్రబ్‌ని మొత్తంగా రెండో డిస్కు మొదట్లోకి ఎక్కించింది. బయాస్ వరసలో రెండో డిస్కుని ముందు పెట్టింది. మెనూలో విండోస్ పేరు రాలేదు. 2021లో వచ్చిన 2.06 వెర్షన్ నుంచి గ్రబ్ ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను తనంతట తాను వెతకదు, సెట్టింగుల ఫైలులో ఒక వరస మార్చి వెతకమని చెప్పాలి. చెప్పింది, వచ్చింది.

తర్వాత పరీక్ష పెట్టింది. మొదటి డిస్కు వైరు తీసి లేపితే లినక్స్ లేచింది. రెండో డిస్కు వైరు తీసి లేపితే విండోస్ నేరుగా లేచింది. ఒకదాని చావు ఇంకొకదాన్ని పడగొట్టని స్థితి నాకు అదే మొదలు. ఏ కేబుల్ ఏ సాకెట్‌కి పోవాలో మార్కర్‌తో రేకు లోపలి వైపు రాసి, బయాస్ తెరల్ని ఫోటో తీసి మావయ్య ఫోన్‌కి పంపింది.

విండోస్ 7కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. అందుకని ఆ డిస్కులోంచి ఇంటర్నెట్‌కి వెళ్లవద్దని ఆ అమ్మాయి మావయ్యకి గట్టిగా చెప్పింది. మాస్టారు ఆ మాట పాటిస్తున్నారు. రాత్రి కొట్టు కట్టే ముందు అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లు కొన్ని తీసి, యూనికోడ్‌లోకి మార్చి, రెండో డిస్కులోకి పంపుతున్నారు. మార్చే ప్రోగ్రాము ఒత్తుల దగ్గర తడబడుతుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని ఒక్కో వరస చదువుతూ చేత్తో దిద్దుతున్నారు. ప్రస్తుతం పెనుమాక తాత చెప్పిన మిరప నారుమడి సంగతుల దగ్గర ఉన్నారు.