'రేపు పంపేస్తాను': టీకా తాత్పర్య విశేష సహితం

మూలం: నమస్తే అండీ. కథ దాదాపు అయిపోయింది. ముగింపు ఒక్కటే చూసుకోవాలి. రేపు పంపేస్తాను.

అవతారిక: దీపావళి ప్రత్యేక సంచికకు కథ ఒప్పుకున్న రచయిత, గడువు దాటిన మూడోనాడు సంపాదకునికి పెట్టిన వాట్సాప్ సందేశమిది. ఎందరు రచయితలు పంపినా ఇందులో అక్షరం మారదు కనుక దీన్ని అపౌరుషేయంగా భావించేవారూ ఉన్నారు.

ప్రతిపదార్థం: నమస్తే అండీ = ఎత్తని ఫోన్లకు ప్రాయశ్చిత్తముగా; కథ = శీర్షికయు, మొదటి పేరాయు; దాదాపు = మనసులో; అయిపోయింది = మొదలైనది; ముగింపు ఒక్కటే = ముగింపును, దానికి ముందుండవలసిన నడిమి భాగమును; చూసుకోవాలి = రాసుకోవలెను; రేపు = నేడు కాని యే దినముననైనను; పంపేస్తాను = ఇట్టి సందేశమునే మరియొకటి పంపెదను.

తాత్పర్యం: కథ లేదు. వచ్చే సూచనలు మాత్రం ఉన్నాయి.

విశేషం: దీన్ని అబద్ధమని కొట్టిపారేయడం తొందరపాటు. రచయిత స్వభావాన్ని బట్టి ఈ మాటలకు అర్థం మారుతుంది. కథంతా మనసులో కళ్లకు కట్టాక గాని కలం పట్టనివాడి నోట 'అయిపోయింది' అక్షరాలా నిజం. రాస్తూ పోతే గాని తన కథేమిటో తనకే తెలియనివాడికి ముగింపు మిగిలిందంటే కథే మిగిలిందని. ఇక దిద్దుబాటు జబ్బున్నవాడు 'ఉక్కపోతగా ఉంది' అని రాస్తాడు, 'గాలి ఆడటం లేదు' అని మారుస్తాడు, సాయంత్రానికి ఆ వాక్యం కొట్టేస్తాడు, పడుకోబోయే ముందు లేచి మళ్లీ 'ఉక్కపోతగా ఉంది' అని రాస్తాడు. అతడి లెక్కలో ఆ రోజు పని బాగా జరిగినట్టే.

ఈ తేడాలను కనిపెట్టింది నేటివారు కారు. వెయ్యేళ్లకు పైబడిన కావ్యమీమాంస అనే సంస్కృత గ్రంథంలో రాజశేఖరుడు కవుల్ని రాసే అలవాటును బట్టి నాలుగు తెగలు చేశాడు. గుహలోనో నేలమాళిగలోనో చేరి ఎండపొడ సోకకుండా రాసేవాడు అసూర్యంపశ్యుడు. మనసు లగ్నమైతేనే కూర్చునేవాడు నిషణ్ణుడు. కొలువుకు భంగం రాకుండా, చిక్కిన తీరికలో రాసుకునేవాడు దత్తావసరుడు. ఏదో ఒక సందర్భం తగిలితే గాని రాయనివాడు ప్రాయోజనికుడు. బడిలోనో బ్యాంకులోనో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు కథలు రాసేవారంతా మూడో తెగ. ఉగాది కవి సమ్మేళనాలు నాలుగో తెగవారి పుణ్యమాని నడుస్తున్నాయి.

నవీనుల మతం వేరు. మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో అంతర్ముఖులు, బహిర్ముఖులు అని మనుషుల్ని విడదీశాడు. దాన్ని ఆధారం చేసుకుని అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ పదహారు రకాల వ్యక్తిత్వాల పట్టిక తయారుచేశారు. పనిని ముందే తెమల్చుకునేవారు ఒక పక్క, చివరి నిమిషం దాకా దారులన్నీ తెరిచి ఉంచుకునేవారు ఇంకో పక్క ఇందులో కనిపిస్తారు. మూలకర్తది ఏ పక్షమో చెప్పనక్కర్లేదు. ఇసబెల్ మాత్రం ఆ పట్టికకు ముందే ఒక అపరాధ పరిశోధక నవల రాసి, పత్రిక పోటీకి పంపి బహుమతి కొట్టింది. గడువు దాటితే పోటీలు ఊరుకోవు. అయితే ఆ పట్టికలో తమ రకం తేల్చే పరీక్షను కొన్ని వారాల తేడాతో మళ్లీ రాసినవారిలో చాలామందికి వేరే రకం వస్తుందని మనస్తత్వ శాస్త్రజ్ఞుల ఆక్షేపణ. మనుషులు పదహారు గదుల్లో సర్దుకుని కూర్చోరు. 'నా రకమే అంత' అని రచయిత సంజాయిషీ చెప్పుకుంటే సంపాదకుడు ఒప్పుకోనక్కర్లేదు.

పూర్వపక్షం: స్వభావం మారదు కదా, అలవాటు ఎలా మారుతుంది? సిద్ధాంతం: కవి స్వభావమే కావ్యంలో కనబడుతుందని ఒప్పుకున్న రాజశేఖరుడే కవికి దినచర్య కూడా విధించాడు. పగటి రెండో జాములో రాయాలి, నాలుగో జాములో దాన్ని పరీక్షించాలి. రసావేశంలో ఉన్నప్పుడు తప్పొప్పులు కనబడవన్నది ఆయన చూపిన కారణం. దిద్దుబాటు జబ్బుకు ఇంతకంటే మంచి మందు నేటికీ రాలేదు, ఎందుకంటే రాసే పూట దిద్దడం ఇందులో నిషిద్ధం. రచనలను నాశనం చేసేవాటి లెక్క చెబుతూ, తరువాత ముగిద్దామనీ, మళ్లీ మెరుగు పెడదామనీ, మిత్రులతో కలిసి ఆలోచిద్దామనీ కవి పడే కలవరాన్ని ఆయన దేశ విప్లవం సరసన నిలబెట్టాడు. మూలంలోని 'చూసుకోవాలి' ఎంతటి ఉపద్రవమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎదుగుదలకు ఆయన చెప్పిన మెట్లు పది. మనసులోనే కవిత్వం అల్లుకుని దాచుకునేవాడు హృదయకవి. తప్పులు పడతారన్న భయంతో తన కవిత్వాన్ని ఇతరులదిగా చదివేవాడు అన్యాపదేశి. అంతర్ముఖులు ఈ రెండు మెట్ల మీదే ఏళ్లు గడిపేస్తారు. బాగా రాస్తూ కూడా ఒక ప్రబంధంగా కూర్చలేనివాడు ఘటమానుడు. ఒక ప్రబంధంలోనైనా ఆరితేరినవాడు మహాకవి. గుహలో రాసినా, సభలో రాసినా, ఆ మెట్టు ఎక్కాలంటే ప్రబంధం చేతికి రావలసిందే. స్వభావాన్ని తప్పుపట్టడం శాస్త్రానికి విరుద్ధం. కాయితం అడగడం సంపాదకుడి హక్కు.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్యను శ్రద్ధగా చదివిన సంపాదకుడు అసలు గడువును తన దగ్గరే దాచుకుని, రచయితకు పదిరోజుల ముందటి తేదీ చెప్పును.