అమ్మ పాత్ర

కథానాయకుడికి వయసు పెంచడం తేలిగ్గానే కుదిరింది. అతని తల్లి దగ్గరే పని ఆగిపోయింది.

సియాటెల్‌లో అదొక చిన్న గేమ్ స్టూడియో. వాళ్లు తయారుచేస్తున్న రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఒక కుర్రాడు కొండ కింది ఊరు విడిచి దేశాలు తిరుగుతాడు. సాహసాల మధ్య అప్పుడప్పుడూ ఇంటికి వస్తాడు. ఆటల్లో వయసు మీదపడటం కొత్తేమీ కాదు. 1992 నాటి డ్రాగన్ క్వెస్ట్ ఫైవ్‌లో పసివాడు పెరిగి తండ్రి అవుతాడు. 2004లో వచ్చిన ఫేబుల్‌లో వీరుడి జుట్టు నెరుస్తుంది. 2022 నాటి సిఫూలో చచ్చి లేచిన కొద్దీ ఏళ్లు మీదపడతాయి. ఈ ఆటలో మాత్రం వీరుడితోపాటు ఇంట్లో ఎదురుచూసే తల్లి కూడా ముసలిదవ్వాలి. తాను దారిలో గడిపిన కాలం ఇంటి దగ్గరా గడిచిందని ఆటగాడికి తెలియాలి. ఆట మొత్తానికి ప్రాణం అదే.

తల్లి పాత్ర తయారుచేసే పని సింహాచలం కొండ కింది అడివివరం నుంచి వెళ్లిన కుర్రాడికి అప్పజెప్పారు. కొండ కింది ఊరు అనగానే అతను సింహాచలాన్నే కట్టాడు. తొలి పావంచా దగ్గర పగిలిన కొబ్బరికాయలు, మెట్ల వారన సంపెంగ చెట్లు, బుట్టల్లో అనాసపళ్లు అన్నీ పెట్టాడు. తల్లికి వాళ్లమ్మ ముఖమే పెట్టాడు.

ముఖానికి వయసు పెంచాలంటే ఒకే తలకి రెండు రూపాలు చేస్తారు. ఒకటి పడుచుది, ఇంకొకటి ముసలిది. రెండింటిలోనూ బిందువుల సంఖ్య ఒకటే ఉండాలి, వరస కూడా అదే ఉండాలి. అప్పుడు ఒక అంకెని సున్నా నుంచి ఒకటి దాకా జరుపుతూ పోతే, మొదటి ముఖం మెల్లమెల్లగా రెండోదిగా మారుతుంది. దీన్ని మార్ఫ్ టార్గెట్ అంటారు. కనురెప్పలు జారడం, బుగ్గలు లోపలికి పోవడం, చెవి తమ్మెలు సాగడం దీనితోనే చేస్తారు. సన్నటి ముడతలకు నార్మల్ మ్యాప్ వేస్తారు. అది ఆకారాన్ని ముట్టుకోదు. వెలుతురు పడే తీరుని మార్చి, చర్మం మీద గీతలున్నట్టు చూపిస్తుంది. జుట్టు రంగుకి ఇంకో అంకె ఉంటుంది.

ఆ ముసలి రూపం కోసం అతనికి ఆధారాలు బోలెడున్నాయి. నాన్న పోయినప్పటి నుంచీ ప్రతి ఆదివారం పొద్దున అమ్మకి వీడియో కాల్ చేస్తాడు. సియాటెల్‌లో అప్పటికి ఇంకా శనివారం రాత్రి. ముందు కోవిడ్, ఆ తర్వాత వీసా స్టాంపింగ్ అడ్డుపడి 2018 తర్వాత ఊరు వెళ్లలేకపోయాడు. అందుకని కాల్స్ రికార్డు చేసి దాచుకునేవాడు. ఏడాదికొక బొమ్మ చొప్పున తీసి వరసగా పేర్చి, అమ్మ మారిన తీరుని బట్టి పాత్రకి వయసు పెంచాడు.

చూసినవాళ్లు పెదవి విరిచారు.

"కొడుక్కి గడ్డం నెరిసింది. తల్లి మాత్రం మొదట్లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది."

"మా అమ్మ నిజంగానే అలా ఉంది" అంటూ అతను ఆ బొమ్మలు వాళ్ల ముందు పెట్టాడు. కిటికీ పక్కన అదే కుర్చీ. ముఖం మీద అదే వెలుతురు. నున్నగా దువ్విన నల్లటి జుట్టు, నుదుట కాసంత బొట్టు. ఏ ఏడాది చూసినా నవ్వు చెక్కుచెదరలేదు. చూపిస్తున్నంతసేపూ అతని గొంతులో గర్వం తొణికిసలాడింది.

యానిమేషన్ పని చూసుకునే పెద్దావిడ ఆ బొమ్మలన్నీ ఓపిగ్గా చూసింది. "వయసుని ముఖంలో వెతక్కు, నడకలో వెతుకు. అడుగు పొట్టిదవుతుంది. పాదం పైకి లేవకుండా నేలని రాసుకుంటూ పోతుంది. కుర్చీలోంచి లేచేముందు చేతులు తొడల మీద ఊనుకుంటాయి. వెనక్కి చూడాలంటే మెడతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. మీ అమ్మగారు నడుస్తున్న వీడియో ఒకటి పట్రా" అంది.

ఆ రాత్రి రికార్డులన్నీ తిరగేశాడు. ఒక్కదాంట్లోనూ అమ్మ నడవడం లేదు. ఫోన్ పక్కింటి పాప పట్టుకుంటుంది. కాల్ కలిసేసరికి అమ్మ కుర్చీలో ఉంటుంది, పెట్టేసేదాకా కుర్చీలోనే ఉంటుంది.

తర్వాతి ఆదివారం అడిగాడు. "ఒక్కసారి లేచి వంటింటి దాకా నడువమ్మా, చూస్తాను."

"నడకలో ఏటుందిరా చూడ్డానికి? నువ్వు తిన్నావా లేదా, అది చెప్పు."

వీసా సంగతి తేలగానే టికెట్ కొన్నాడు. అమ్మకి చెప్పలేదు. 2024 మే 10, శుక్రవారం నాడు విశాఖలో దిగాడు. ఆ రోజు అక్షయ తృతీయ. ఏడాది పొడుగునా చందనం మాటున ఉండే సింహాచలం అప్పన్న నిజరూపంతో కనిపించేది ఆ ఒక్కరోజే. రాత్రికి మళ్లీ మూడు మణుగుల చందనం తొలి విడతగా పూసేస్తారు. అందుకే దారులన్నీ జనంతో నిండిపోయాయి. ట్యాక్సీని దూరంలోనే ఆపేశారు. పెట్టె లాక్కుంటూ జనంలోంచి నడిచి వెళ్లాడు. వీధి మలుపు తిరిగేసరికే ఫోన్లో కెమెరా తెరిచి ఉంచాడు. అమ్మ ఎదురొచ్చే ఆ నాలుగడుగులూ వదులుకోకూడదనుకున్నాడు.

తలుపు తీసే ఉంది. ముందు గదిలో ఆ కుర్చీ కిటికీ పక్కనే ఉంది. కుర్చీకి ఆనించి ఒక చేతికర్ర ఉంది. వెనక గోడకి కొట్టిన మేకుకి, నున్నగా దువ్విన నల్లటి విగ్గు తగిలించి ఉంది.

లోపలి నుంచి పాదం నేలని రాస్తున్న చప్పుడు వినిపించింది. గోడ పట్టుకుని ఒక్కో పొట్టి అడుగూ వేసుకుంటూ, పలచటి తెల్లజుట్టావిడ గుమ్మంలోకి వచ్చింది. కళ్లు చిట్లించి చూసింది. ముఖం వెలిగిపోయింది. మరుక్షణమే చెయ్యి తల మీదికి వెళ్లింది. గబగబా కొంగు లాగి జుట్టు కప్పుకుంది.

"అయ్యో నాన్నా! ఇయ్యాల ఆదివారం కాదు గదరా!"