గుంటడికి సీటు, నాన్నకి పరీక్ష

కేథలిక్ చర్చి శాసన గ్రంథంలో 796 అని ఒక నంబరుంది. 1983లో పోపు రెండో జాన్ పాల్ గారు ముద్ర వేసి విడుదల చేసిన గ్రంథం అది. ఆ నంబరు కింద ఏముందంటే, బళ్ళో టీచర్లు తల్లిదండ్రులతో దగ్గరగా కలిసి పనిచేయాలట, వాళ్ళు చెప్పేది ఇష్టంగా వినాలట, వాళ్ళకోసం సంఘాలూ సమావేశాలూ పెట్టి వాటిని గౌరవించాలట. రోము నుంచి బయల్దేరిన ఈ మాట హౌరా దాకా వచ్చినట్టే ఉంది. అక్కణ్ణించి ఖరగ్‌పూర్ లోకల్ పట్టుకోలేకపోయింది. ఖరగ్‌పూర్‌లో మా తాల్‌బగీచా పేట తల్లిదండ్రుల మాట ఇష్టంగా వినబడే చోటు ఇప్పటికి ఒక్కటే, ఫీజు కౌంటరు.

ఏ బడి అని మాత్రం అడక్కండి. గేటు మీద ఏ పునీతుల పేరున్నా వాళ్ళమీద నాకు ఫిర్యాదు లేదు. పాపం, వాళ్ళు బతికున్నప్పుడే చాలా పడ్డారు. నా గొడవంతా వాళ్ళ పేరు చెప్పుకుని నడిచే ఆఫీసు గదితోనూ, ఆ గది ముందు చెప్పులు విప్పి నిలబడే మాతోనూ.

మేమెవరమంటే, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనుల్లోకి వచ్చినవాళ్ళ మనవలం, మునిమనవలం. తాత ఖలాసీ. నాన్న ఫిట్టర్. కొడుకు టెక్నీషియన్ గ్రేడ్ త్రీ. రైల్వేవారు ఫిట్టర్‌కి పేరు మార్చారు గానీ చేతిలో పానా మార్చలేదు. తాత కాలంలో ఫోర్‌మన్ దొర ఇంగ్లీషులో తిడితే, ఏమని తిట్టాడో తెలియక "యస్సర్" అనేవాడు. ఆ తిట్టు అర్థమయ్యే మనవడు ఇంట్లో ఒకడుండాలని ఆయన కోరిక. న్యాయమైన కోరికే. ఇప్పుడు ఆ మనవడి కొడుకు కాన్వెంటులో చదువుతున్నాడు, తిట్లన్నీ బాగానే అర్థమవుతున్నాయి. కాకపోతే తిట్లు తినే వంతు వాళ్ళ నాన్నకొచ్చింది. డైరీలో, ఎర్ర సిరాతో.

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే మా వీధిలో పలకరింపులే మారిపోతాయి.

"ఏటి బావా, ఫారం దొరికిందేటి?"

"దొరికింది గానీ మీ అక్కకి ఇంటర్వ్యూ భయం పట్టుకుంది. రేతిరి నిద్దట్లో 'మై నేమ్ ఈజ్' అంటంది."

ఎల్‌కేజీలో చేరబోయే గుంటడు మాత్రం హాయిగా నిద్రపోతూనే ఉంటాడు. వాడికేం భయం? పరీక్ష వాడికి కాదు. నాన్నగారు ఏం చదివారు, అమ్మగారు డిగ్రీ పూర్తి చేశారా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, నాన్నగారిది షిఫ్టు డ్యూటీయా, పిల్లాడిని ఇంట్లో చదివించేదెవరు. ఈ ఆఖరి ప్రశ్న నాకు మహా ఇష్టం. ఇల్లు కట్టడానికి బయానా పుచ్చుకున్న మేస్త్రీ, "మరి గోడలు ఎవరు లేపుతారండీ?" అని ఇంటివాణ్ణి అడిగినట్టుంటుంది. "నేనే చదివిస్తానండీ" అని తల్లి వణుకుతూ చెబితే సీటు. "మీరు చదివిస్తారనే కదండీ తెచ్చాం" అన్న అమాయకుడికి వచ్చే ఏడు మళ్ళీ ఫారం. ఇంత జరుగుతున్నా గుంటడు బల్ల చివర కూర్చుని ముక్కులో వేలు పెట్టుకుని లోకాన్ని చూస్తూ ఉంటాడు. మొత్తం గదిలో ప్రశాంతంగా ఉన్నది వాడొక్కడే.

ఇది చట్టం ఒప్పుతుందా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో 13వ సెక్షన్ పిల్లాడికి గానీ, కన్నవాళ్ళకి గానీ వడపోత పెట్టకూడదంటుంది. పెడితే మొదటిసారి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. 12వ సెక్షన్ ప్రైవేటు బళ్ళో నాలుగో వంతు సీట్లు పేదింటి పిల్లలకి ఇమ్మంటుంది. బ్రహ్మాండమైన చట్టం. అయితే 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఈ చట్టం మైనారిటీ బళ్ళకి వర్తించదు పొమ్మంది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకి తమ బళ్ళు తాము పెట్టుకుని నడుపుకునే హక్కిచ్చింది గదా, దాన్ని కదపకూడదని.

హక్కు గొప్పదే. ఆ హక్కు నీడన కూర్చున్నదెవరో 2021లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ లెక్క తీసింది. క్రైస్తవ బళ్ళల్లో నూటికి 74 మంది మైనారిటీలకి చెందని పిల్లలేనట. అన్ని మైనారిటీ బళ్ళూ కలిపి చూస్తే వెనకబడిన, పేద కుటుంబాల పిల్లలు నూటికి తొమ్మిదిమంది కూడా లేరట. ఆ కమిషన్‌కి మిషనరీ బళ్ళమీద ప్రేమేమీ లేదు, ఆ సంగతి వేరు. లెక్కనిబట్టి నాకు బోధపడిందేమంటే, బయటి పిల్లలు నూటికి డెబ్భైనలుగురు వచ్చి కూర్చున్నా మైనారిటీ స్వభావానికి వచ్చిన ముప్పేమీ లేదు. వాళ్ళ పక్కన చట్టం చేయి పట్టుకుని ఒక పేదవాడు వచ్చి కూర్చున్నాడా, స్వభావం చెడిపోతుంది.

2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తులు ప్రమతి తీర్పు సరైనదేనా అని సందేహపడి, పెద్ద ధర్మాసనం తేల్చాలని ప్రధాన న్యాయమూర్తికి పంపారు. అది తేలేలోపు మా గుంటడు కూడా ఏదో ఒక గ్రేడులో టెక్నీషియన్ అయిపోతాడు.

మా వీధిలో క్రైస్తవులూ ఉన్నారు. వాళ్ళల్లో ఒక మావయ్య, "మనకేటిరా భయం, మన దేవుడి బడే గదా" అని చంకలో బైబిలు పెట్టుకుని ధీమాగా వెళ్ళాడు. ఫాదర్ దగ్గర్నుంచి బాప్తిస్మం సర్టిఫికెట్ తెమ్మన్నారు. "మాది తెలుగు బాప్టిస్టండీ" అన్నాడు. అవతలాయన మొహంలో దీపం ఆరిపోయింది. ఏసుప్రభువు ఒక్కడే గానీ అడ్మిషన్ రిజిస్టర్లో గళ్ళు రెండు. ఒళ్ళంతా నీళ్ళల్లో మునిగి తీసుకున్న బాప్తిస్మానికి రాయితీ లేదు, నుదుటి మీద చెంచాడు పోయించుకున్నదానికి ఉంది. మావయ్య ఇంటికొచ్చి, "మనం ఎక్కువ తడిసిపోయాం" అని ఊరుకున్నాడు.

సీటొచ్చిందనుకోండి. అప్పుడు మొదలవుతుంది అసలు చదువు, మాకు. 1965 అక్టోబరు 28న రెండో వాటికన్ మహాసభ విద్యమీద ఒక ప్రకటన చేసింది. పిల్లలకి మొదటి గురువులూ ముఖ్య గురువులూ తల్లిదండ్రులేనని అందులో చెప్పారు. చర్చి పత్రాలన్నిటిలోనూ మా బడివాళ్ళు అక్షరం పొల్లుపోకుండా ఆచరిస్తున్నది ఇదొక్కటే. పాఠం మాకు వదిలేశారు. అప్పజెప్పించుకోవడం మాకు వదిలేశారు. ప్రాజెక్టయితే పూర్తిగా మాదే. ఒకటో తరగతి గుంటడు రేపొద్దున ఎనిమిదింటికల్లా సౌరమండలం పట్టుకెళ్ళాలి. వర్కుషాపులో పగలంతా బోగీలు ఓవర్‌హాల్ చేసి వచ్చిన నాన్న, అర్ధరాత్రి థర్మోకోల్ బంతికి శనిగ్రహం వలయం బిగిస్తూ ఉంటాడు. వీల్ షాపులో నేర్చుకున్న పనితనమంతా పెట్టి బిగిస్తాడు. మర్నాడు మార్కులు: పదికి ఆరు. "నీట్‌నెస్ లేదు" అని వ్యాఖ్య. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఏ ఇంజనీరూ ఆయన పనికి ఆ మాట అనలేదు.

పక్కింటి తల్లిదండ్రులు ఇద్దరూ మాస్టార్లే గనుక వాళ్ళ గుంటకి ఎప్పుడూ తొమ్మిదిన్నర. బడి ఒకటే, తరగతి ఒకటే, చదువుకుంటున్న ఇళ్ళు వేరు.

ఇంట్లో చెప్పలేనివాళ్ళకి ట్యూషను. బెంగాల్లో ట్యూషను గురించి కొత్తగా చెప్పేదేముంది? 2022లో పిల్లల చదువుల మీద జరిగిన అసర్ సర్వేలో ఈ రాష్ట్రపు పల్లెల్లోనే నూటికి 74 మంది పిల్లలు డబ్బు కట్టి ట్యూషనుకి పోతున్నారని తేలింది, దేశంలో అందరికన్నా ముందు. పల్లెలే అలా ఉంటే రైల్వే టౌను ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మా సందులో సాయంత్రం ఐదైతే పిల్లలు బడి యూనిఫాం విప్పి, ట్యూషను బ్యాగు తగిలించుకుని, సైకిళ్ళమీద రెండో షిఫ్టుకి బయల్దేరతారు. ఆ ట్యూషను మాస్టారు ఒక్కోసారి పొద్దున్న బళ్ళో చెప్పిన మాస్టారే. పొద్దున్న ఆయనకి గొంతు నొప్పి. సాయంత్రానికి తగ్గిపోతుంది.

మరి ఇన్ని డబ్బులెక్కడివి? రైల్వే ఇస్తుంది. పిల్లల చదువు భత్యమని నెలకి 2,812 రూపాయల 50 పైసలు, ఇద్దరు పిల్లల వరకు. ఆ యాభై పైసలు ఎందుకో నాకు తెలియదు, బహుశా చాక్‌పీసు ముక్కకి. ఏడాదికి 33,750. చదువుతున్నాడని బడి పెద్దగారు సంతకం చేసిన కాగితం పెడితే చేతికొస్తుంది. ఆ కాగితం కోసం నాన్న ఒక పూట సెలవు పెట్టి, గేటు బయట ఎండలో నిలబడి, "పేరెంట్స్‌కి టైము శనివారం" అనిపించుకుని, శనివారం మళ్ళీ వచ్చి, "ఈ శనివారం సెలవు" అనిపించుకుని వెళ్తాడు. అదే రైల్వేకి 2015లో బిబేక్ దేబ్రాయ్ కమిటీ ఒక సలహా చెప్పింది: బళ్ళూ ఆసుపత్రులూ నడపడం నీ పని కాదు, రైళ్ళు నడుపుకో అని. తాతల కాలంలో రైల్వే బడి ఉండేది, భత్యం లేదు. ఇప్పుడు భత్యం ఉంది. మరో పదేళ్ళకి రైల్వే బడి ఎలా ఉంటుందో చూడాలంటే ఏ మ్యూజియంకో టిక్కెట్టు కొనాలి. ఆ టిక్కెట్టు మీద కూడా భత్యం ఇస్తారేమో కనుక్కోవాలి.

భాష సంగతి అడక్కపోతేనే నయం. 1956లో రాజ్యాంగంలో 350ఎ అని చేర్చి, భాషా మైనారిటీల పిల్లలకి ప్రాథమిక చదువు తల్లి భాషలో చెప్పే ఏర్పాట్లు చేయమన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఎన్నికలకి మూడు నాలుగు నెలలే ఉన్నాయి లెండి. ఆ వేళ మా వీధిలో మిఠాయిలు పంచుకున్నాం. పంచుకుంటూ ఒకావిడ, నోట్లో లడ్డూ పెట్టుకున్న కొడుకుని, "డోంట్ టాక్ విత్ ఫుల్ మౌత్" అని కసిరింది. వాడు తెలుగులో ఏదో అనబోయాడు, అందుకని.

బడివాళ్ళని మాత్రమే అంటే పాపం. 2009లో కడప జిల్లా మైదుకూరులో, తెలుగు గడ్డ మీదే, ఒక ఇంగ్లీషు మీడియం బళ్ళో పిల్లల మెడలో తెలుగు మాట్లాడనని రాసిన పలకలు తగిలించారు. ఊరూ వాడా గోలపెట్టింది. ఖరగ్‌పూర్‌లో ఆ పలక ఖర్చు కూడా బడికి లేదు. ఆ పని ఇంట్లోనే అయిపోతుంది, అదీ ఉచితంగా. అమ్మమ్మ టెక్కలి నుంచి ఫోన్ చేసి, "ఏటి నాన్నా, బువ్వ తిన్నావేటి?" అంటే గుంటడు "యెస్ గ్రానీ" అంటాడు. అవతల ఆవిడ ఫోను అల్లుడికిమ్మంటుంది.

ఇంకో ముచ్చట. 2024 ఏప్రిల్లో కేథలిక్ బిషప్పుల సమావేశం తమ బళ్ళన్నిటికీ మార్గదర్శకాలు పంపింది. ఇతర మతాల పిల్లలమీద మన ఆచారాలు రుద్దకండి, రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించండి అని. మంచిపని. "సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయం" అని పిల్లలు చేతులు చాచి గట్టిగా చదువుతారు. ఫీజు బాకీ ఉన్నవాళ్ళు ఆ తర్వాత ఆఫీసు గది ముందు వరుసలో నిలబడి, అందులో ఆర్థిక న్యాయం అంటే ఏమిటో ఆలోచించుకుంటారు. కోవిడ్ ఏడాదిలో, 2020 అక్టోబరులో, కలకత్తా హైకోర్టు 145 ప్రైవేటు బళ్ళని ఫీజు కనీసం 20 శాతం తగ్గించమంటే గదా మాకు ఆ మాటకి కొంచెం అర్థం తెలిసింది! బళ్ళు మూతపడి ఉన్నా లేబొరేటరీ ఫీజు ఎందుకని అడగడానికి కోర్టు దాకా పోవలసి వచ్చింది. ఇక్కడ కేథలిక్ అనీ, హిందూ ట్రస్టు అనీ తేడా లేదు, రసీదు పుస్తకం మతం ఒక్కటే.

ఇంత తెలిసీ ఎందుకు క్యూలో నిలబడతామంటే, ఆ తిరస్కారంలోనే ఉంది మా గొప్ప. తేలిగ్గా దొరికే బడికి పిల్లాణ్ణి పంపినట్టు చెప్పుకుంటే పెళ్ళి పందిట్లో ఎవడు పలకరిస్తాడు? "సిస్టర్ మమ్మల్ని రెండు గంటలు బయట నిలబెట్టిందిరా" అని చెప్పేటప్పుడు మా బావ మొహంలో ఉన్న వెలుగు, ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా నేను చూడలేదు. కర్సివ్ రైటింగ్ నేర్పడంలో సిస్టర్లకి సాటి లేరని నేనూ ఒప్పుకుంటాను. గుండ్రటి అక్షరాలు, ఒద్దికైన వరుసలు. మా గుంటడు అంత అందమైన దస్తూరీతో రాసిన లీవ్ లెటర్ చూసి వాళ్ళ నాన్న కళ్ళు చెమర్చాయి. అది తను డిక్టేట్ చేసిందేనని మర్చిపోయాడు.

ఈసారి అడ్మిషన్లలో నేను మా బావకి ఒక కాగితం రాసిచ్చాను. వాళ్ళు అడగాల్సినవన్నీ అడిగాక మనమూ అడగాలి గదా. తరగతికి పిల్లలెంతమంది? టీచరమ్మకి నెలకి చేతికెంత వస్తుంది, కాగితం మీద సంతకం పెట్టేది ఎంతకి? డెవలప్‌మెంట్ ఫీజుతో నిరుడు ఏం డెవలప్ అయింది? సౌరమండలం చేసింది నాన్న గనుక మార్కులు ఆయన సర్వీసు బుక్‌లో ఎక్కించడానికి వీలవుతుందా? బళ్ళో పాఠం అర్థమయ్యేలా చెప్పి పంపితే, ట్యూషనుకి కట్టేది మీకే కట్టేస్తాం, ఒప్పుకుంటారా?

బావ కాగితం రెండుసార్లు చదివాడు. "బాగుంది గానీ, ఇది ఇంగ్లీషులో రాసియ్యి" అన్నాడు.