ట్రిప్పన్న

తెల్లవారుజామున నాలుగింటికి ఆరాంఘర్ చౌరస్తాలో, బెంగళూరు బస్సులు దిగి ఆటోలు బేరమాడుకునేవాళ్ల మధ్య, ఒక చేతిలో చాయ్, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని "ఏడున్నవ్ రా?" అని అరిచే మనిషి కనబడితే, అతనే ట్రిప్పన్న. అసలు పేరు ఇంట్లోవాళ్లకూ బ్యాంకువాళ్లకూ తెలుసు. ఉద్యోగం శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో. పొద్దస్తమానం పరాయివాళ్ల సామాన్లను దేశాలు దాటిస్తాడు గనక, తన దోస్తుల్ని కనీసం జిల్లా అయినా దాటించాలని పట్టుదల.

ఈమధ్య ఫోనులో మణికరణ్ చూశాడు. హిమాలయాల్లో, బియ్యం మూటగట్టి వేడినీటి బుగ్గలో దింపితే చాలు, అన్నం ఉడికిపోయే ఊరు. ఇక కంటిమీద కునుకు లేదు. కులూ దాకా పోవడానికి సెలవు దొరకదు. "మన దిక్కు లేవా ఏంది?" అని వెతికాడు. ఉన్నాయి. భద్రాచలానికి అయిదు కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున గుండాల. ఇసుకలో గుంట తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. చలికాలంలో బ్రహ్మ విష్ణు మహేశ్వరులు వచ్చి అక్కడ స్నానాలు చేస్తారని స్థలపురాణం. "ముగ్గురు దేవుళ్లే వస్తుంటే ఆరుగురు మనుషులకేం రోగం?" అన్నాడు. త్రిమూర్తులు ఆదివారం రాత్రికల్లా ఇల్లు చేరాల్సిన పని లేదని ఎవరూ గుర్తుచేయలేదు.

హైదరాబాద్ నుంచి భద్రాచలం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. ట్రిప్పన్న లెక్కలో గంటకు నూరు, అంటే మూడు గంటలు. ఆ లెక్కలో చాయ్ లేదు, పంతంగి టోల్‌గేటు లేదు, ముందు సీట్లో కూచుంటే తప్ప వాంతి ఆగని దోస్తు లేడు. కొండ, గోదావరి, రాములవారి దర్శనం, వేడినీళ్లు, మళ్లీ రాత్రి భోజనానికి ఇల్లు. ప్లాను మనిషికి చోటివ్వదుగానీ, మనిషి మాత్రం ప్లానుకు చోటివ్వాలట!

మొదటిసారి ఈ ట్రిప్పు ఆగస్టులో పెట్టాడు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటిన నది అది. వానాకాలంలో ఆ ఒడ్డున ఇసుకే కనబడదు, ఇక గుంటెక్కడ తవ్వుతాం? ట్రిప్పన్న ఒప్పుకోలేదు. "నీళ్లెక్కువుంటే వేడినీళ్లు గూడ ఎక్కువుంటయి గద మామా!" ఆ తర్కానికి జవాబు వెతకలేక జనవరికి వాయిదా వేయించాం.

బయల్దేరే రోజు అందరూ 'దారిలో' ఉంటారు. మెహదీపట్నం వాడికి మంచి సదుపాయం. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్ల పైచిలుకు పొడవుంది. దాని మీదున్నానంటే ఎక్కడున్నాడో ఎవడూ పట్టుకోలేడు. ట్రిప్పన్న మాత్రం పట్టుకుంటాడు. "ఏ పిల్లర్ కాడున్నవో నంబర్ చెప్పు." అవతల నిశ్శబ్దం. వెనకనుంచి ప్రెషర్ కుక్కర్ కూత.

అయిదూ ముప్పావుకు బండి కదిలింది. అవుటర్ ఎక్కి, పెద్దఅంబర్‌పేట దగ్గర దిగి, విజయవాడ రోడ్డు పట్టేసరికి ట్రిప్పన్న ఉపన్యాసం మొదలైంది: అక్కడ భూమి కింద అగ్నిపర్వతముందట! లేదు. లోపలికి కిలోమీటరు దిగితే వేడి పాతిక, ముప్పై డిగ్రీలు పెరుగుతుంది. వాన నీరు రాతి పగుళ్ల వెంట లోతుకు ఇంకి, కాగి, మళ్లీ పైకి తన్నుకొస్తుంది, అంతే. మణుగూరు దగ్గర పగిడేరులో ఇలాంటి వేడినీళ్లతోనే 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ ప్లాంటు పెట్టింది సింగరేణి. ఇది విన్న ట్రిప్పన్న ఒక్క క్షణం ఆలోచించి, "అయితే దాన్ని గూడ కలుపుదాం, ఎట్లాగూ ఆ దిక్కే గద" అన్నాడు. చెప్పినవాణ్ని అందరం కలిసి తిట్టాం.

సూర్యాపేటలో టిఫిను, ఖమ్మంలో దారి తప్పడం, కొత్తగూడెంలో చాయ్. రాములవారి గుడి చేరేసరికి తలుపులు మూసే వేళ. గుండాలకు చేరేసరికి ఎండ నెత్తిమీదకొచ్చింది. చలికాలపు పొద్దున పొగలు కక్కే నీళ్లలో మునగాలన్న కల అక్కడికక్కడే చెమటైంది. అయినా తవ్వాం. మోకాలి లోతు గుంట, గోరువెచ్చని ఊట. ఆరుగురిలో అయిదుగురం కాళ్లు పెట్టి కూచున్నాం. ఇంత దూరం వచ్చింది దీనికా అంటే, నిజం చెప్పాలి, దీనికైనా రావచ్చు.

ఆరోవాడు బూట్లు విప్పలేదు. ఒడ్డున నిలబడి టవళ్లు మోశాడు, ఫోటోలు తీశాడు, "ఇంకా ఏడు నిమిషాలే" అని గడియారం చూపాడు. "నువ్వూ దిగన్నా" అంటే, "నేను దిగితే మిమ్మల్ని లేపేదెవడు?" అన్నాడు.

రాత్రి ఒంటిగంటకు ఆరాంఘర్‌లో దింపేసి, ఇళ్లు చేరకముందే ఖర్చుల చిట్టా పంపాడు. డీజిల్, టోలు, టిఫిన్లు, అరటిపళ్లు, మెహదీపట్నం వాడి ఆలస్యానికి జరిమానా. చిట్టచివర, అన్నీ రాసేవాడు గనక, 'ఉష్ణగుండం: 0 రూపాయలు' అని రాసి, దాన్నీ ఆరుగురికీ సమానంగా పంచాడు.